దీర్ఘం పోయిన పాండా

నేను ఎనిమిదో తరగతి మూడుసార్లు చదివాను. ఏడూ మూడూ కలిపితే పది కాబట్టి, లెక్క ప్రకారం పదో తరగతి చదివినవాణ్నే. ఈ లెక్క మా బావ ఒప్పుకోడు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఫైల్లో లేనిది లోకంలో లేదనుకునే మనిషి. ఆ మూడేళ్లూ మా తెలుగు మేస్టారు నన్ను కొట్టింది దీర్ఘాల కోసమే. “దీర్ఘం ఎక్కడ మింగావురా సూరిబాబూ?” అని అడిగి మరీ కొట్టేవారు. ఒక్క దీర్ఘం పోతే ఏం కొంప మునుగుతుందో నాకు అప్పట్లో తెలియలేదు. మొన్న చలికాలంలో ఒక శనివారం జనక్‌పురి నుంచి గ్రేటర్ నోయిడా వెళ్లొచ్చాక తెలిసింది.

నేను కరోల్‌బాగ్ దగ్గర ఒక మెస్సులో వంట చేస్తాను. సివిల్స్‌కి చదివే మన పిల్లలు అక్కడ తింటారు. వాళ్లు పప్పన్నం కలుపుకుంటూ ప్రపంచంలోని నదులన్నీ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. నేను చారు పోస్తూ వింటాను. అలా చాలా నదులు నా గరిటె మీదుగా ప్రవహించాయి.

గురువారం మధ్యాహ్నం, రెండు కుక్కర్లు పోటీపడి కూస్తున్న వేళ బావ ఫోన్ చేశాడు.

“ఒరేయ్ సూరీ, లహరి పాండాల మీద ఏదో ప్రాజెక్టు చేస్తోందిరా. పాండాలకి ఉండే చోటు లేకుండా పోతోందంట. రోడ్లూ డ్యాములూ వచ్చి ఉన్న చోట్లన్నీ మింగేస్తున్నాయంట. అది పట్టుకుని ఈ పిల్ల మే నెలంతా సిక్కిం కొండలెక్కుతానంటోంది. వస్తుందో రాదో శనివారం రాత్రిలోగా వాళ్ల మేడమ్‌కి చెప్పాలి. నేను మే ఒకటి నుంచి సివిల్స్ కోచింగ్ మాట్లాడిపెట్టాను. నువ్వెళ్లి ఒప్పించు. నీ మాటైతే వింటుంది.”

లహరి మా విజయక్క కూతురు. జనక్‌పురిలో పుట్టి అక్కడే పెరిగింది. గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోంచి వస్తుంది. ఇక్కడ ఆ పిల్ల మాటల్ని మీ కోసం నేనే తెలుగు చేసి చెబుతున్నాను. నన్ను మావయ్యా అనదు, మామూ అంటుంది. ఢిల్లీలో మామూ అంటే మేనమామ అని ఒక అర్థం, వెర్రివాడు అని ఇంకో అర్థం. రెండూ నాకు సరిపోతాయి కాబట్టి నేనేమీ అనుకోను.

ఇంతకీ బావ అన్నది పాండా. ఆ ‘పా’లో ఉన్న దీర్ఘాన్ని కుక్కరు కూత మింగేసింది. నాకు వినపడింది పండా. మీలో గయకో హరిద్వార్‌కో వెళ్లినవాళ్లకు తెలిసే ఉంటుంది, రేవుల దగ్గర కూర్చుని మన పెద్దవాళ్లకు పిండాలు పెట్టించే పురోహితుల్ని అక్కడ పండాలంటారు. మా అమ్మకు గయలో పెట్టించినప్పుడు ఒక పండాజీ ఇంట్లోనే బస చేశాం. ఆయన భార్య పెట్టిన వేడి వేడి పూరీ నాకింకా గుర్తుంది. అటువంటివాళ్ల ఇళ్లు రోడ్ల కింద పోతున్నాయా అని నా మనసు కలుక్కుమంది. పురోహితులకు నిలువ నీడ లేదని ఆ పిల్ల బాధపడుతోందంటే మా అక్క పెంపకం అది, అని కుక్కరు దించుతూ మెచ్చుకున్నాను. సిక్కింలో పండాలేమిటని ఒక్క క్షణం అనిపించింది. అక్కడా ఏదో తీర్థం ఉండకపోదులే అని సర్దుకున్నాను.

శనివారం పొద్దున్నే జనక్‌పురి వెళ్లాను. అక్క వంటింట్లో లహరికి పులిహోర కలుపుతోంది. బావ పార్కుకి నడకకు వెళ్లాడు.

“అక్కా, ఇంట్లో కొత్త పంచె ఏమైనా ఉందా? లహరి ప్రాజెక్టు దగ్గర ఇవ్వాలి.”

“పంచె ఎందుకురా దానికి?”

“దానికి కాదు. అక్కడ పెద్దవాళ్లకి. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాను?”

అక్క చేతికి పసుపు అంటి ఉంది. మోచేత్తో బీరువా చూపించింది. “కింది అరలో జరీ అంచు పంచెల చాపు ఉంది చూడు. ఏదో పెళ్లిలో మీ బావకి పెట్టారు. ఆయన ప్యాంటు తప్ప ఇంకోటి వేస్తే కదా! తీసుకుపో.”

పంచె, కండువా, దారిలో కొన్న కొబ్బరికాయ, అక్క ఇచ్చిన పులిహోర డబ్బా ఒక సంచీలో సర్దుకుని ఎనిమిదింటికి జనక్‌పురి వెస్ట్ స్టేషన్‌కి చేరాను. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, స్టేషన్ మెట్లు పైకి వెళ్తున్నాయని తెలుస్తోంది గానీ ఎక్కడికి వెళ్తున్నాయో తెలియడం లేదు. తనిఖీ దగ్గర సంచీ యంత్రంలోకి వెళ్లింది. తెర మీద నా కొబ్బరికాయ గుండ్రంగా, నల్లగా, చాలా నేరం చేసినదానిలా కనిపించింది.

“యే గోలా క్యా హై?” అన్నాడు జవాను.

“నారియల్ సాబ్. పండాజీ కే లియే.”

ఆయన కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి, నీళ్ల చప్పుడు విని, నవ్వి వదిలేశాడు.

మీరెప్పుడైనా ఈ దారిన వెళ్లేటట్లయితే ఒక జాగ్రత్త. బ్లూ లైన్ యమున దాటాక రెండుగా చీలిపోతుంది. నోయిడా వైపు వెళ్లే బండే ఎక్కాలి. నిద్రలో వైశాలి బండి ఎక్కితే లేచేసరికి ఇంకో జీవితంలో ఉంటారు. నేను సరైన బండే ఎక్కాను, కిటికీ పక్కన సీటూ దొరికింది. శనివారం కాబట్టి ఆఫీసు రద్దీ లేదు. బండి కదిలాక కిటికీలో ఏమీ లేదు. తెలుపు ఒక్కటే. ఆ తెలుపులోంచి అప్పుడప్పుడూ ఒక నీళ్ల ట్యాంకు, ఒక మేడ మీద ఆరేసిన ఎర్ర దుప్పటి, ఒక గుడి శిఖరం తేలి వచ్చి, మనల్ని చూసి, మళ్లీ వెనక్కి వెళ్లిపోయేవి. అవి కదులుతున్నాయో మేం కదులుతున్నామో చెప్పడం కష్టంగా ఉంది. కాసేపటికి బండి నేలలోకి దిగింది. ఇంకాసేపటికి మళ్లీ పైకి తేలింది.

నా పక్కన మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. మాది గయ అన్నాడు. నోయిడాలో కొడుకు దగ్గరకు వెళ్తున్నాడట. సంచీలోంచి తొంగిచూస్తున్న జరీ అంచును చూసి, “పూజా హై క్యా?” అని అడిగాడు.

“పండాజీకి ఇవ్వాలండీ. గ్రేటర్ నోయిడాలో.”

ఆయన మఫ్లరు చెవుల మీంచి తొలగించుకున్నాడు. “గ్రేటర్ నోయిడాలో పండాలెక్కడ భయ్యా? అక్కడున్నది బిల్డర్లు కదా!”

“పాపం, పండాలకి ఇళ్లు లేకుండా పోతున్నాయట. దాని మీద మా మేనకోడలు ప్రాజెక్టు చేస్తోంది.”

పెద్దమనిషి ముఖం మారిపోయింది. “సహీ బాత్. మా పండాజీ ఇల్లు కూడా రోడ్డు వెడల్పులో సగం పోయింది. మిగిలిన సగంలో వంటిల్లు లేదు. ఆయన ఇప్పుడు కొడుకు అద్దె ఇంట్లో, మూడో అంతస్తులో ఉంటున్నాడు. మేం వెళ్లినా దిగమనడానికి చోటు లేదు.” ఆగి, కిటికీలోకి చూస్తూ అన్నాడు: “ఆ పిల్లని మంచిపని చేస్తోందని చెప్పండి.”

చూశారా! నా చెవి తప్పు విన్నా లోకం నాకు సాక్ష్యం పంపింది. అప్పుడే బండి యమున మీదికి వచ్చింది. వంతెన కనిపించలేదు, నీళ్లు కనిపించలేదు. మేమిద్దరం, మధ్యలో ఒక కొబ్బరికాయ, ఆకాశంలో కూర్చుని ఎక్కడికో పోతున్నట్టుంది. పెద్దమనిషి నది ఉండాల్సిన వైపు దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను.

నోయిడా సెక్టార్ యాభై రెండులో దిగాలి. అక్కడి నుంచి కొంచెం నడిస్తే యాభై ఒకటి. అక్కడ ఆక్వా లైన్ అనే వేరే మెట్రో ఎక్కాలి, టికెట్ మళ్లీ కొనాలి. ఆ రెండు స్టేషన్ల మధ్య తోపుడుబండి మీద చాయ్ దొరుకుతుంది. అల్లం బాగా దంచి వేస్తాడు, తాగండి. ఆక్వా లైన్ బోగీ దాదాపు ఖాళీగా ఉంది. బండి ఎత్తుగా వంతెనల మీదే పోతుంది. కింద సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంట్లు మంచులో నడుము దాకా మునిగి ఉన్నాయి. వాటి మధ్య ఒకచోట, నీలం రేకుల కంచె పక్కన, గుర్రంలాంటిది ఒకటి నిలబడి ఉండటం చూశాను. బూడిద రంగు, పొడుగు మెడ. తల రేకులకు ఆనించి ఉంది. బాగా చూద్దామని లేచేలోగా మంచు దాన్ని తుడిచేసింది. కల అనుకుని కూర్చున్నాను.

పదకొండింటికి కాస్త ముందు నాలెడ్జ్ పార్క్‌లో దిగి, ఇరవై రూపాయలకి ఈ-రిక్షా ఎక్కి కాలేజీ చేరాను. గేటు దగ్గర లహరి ఎదురొచ్చింది. జుట్టు నిండా కాగితం ముక్కలు, చేతులకు ఆకుపచ్చ రంగు.

“మామూ! ఆ గయే!”

“వచ్చానమ్మా. ముందు పండాజీ ఎక్కడున్నారో చూపించు. పంచె పెట్టి దణ్ణం పెట్టుకుంటాను. తర్వాత మీ నాన్న మాటలు చెబుతాను.”

లహరి నా ముఖం చూసింది. సంచీ చూసింది. తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని ఒక గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ కుర్చీలో ఒక పెద్ద తలకాయ కూర్చుని ఉంది. తెల్లటి ముఖం, నల్లటి చెవులు, కళ్ల చుట్టూ ఎవరో ఏడుస్తూ పెట్టుకున్నంత కాటుక. పక్క కుర్చీ మీద నలుపూ తెలుపూ బొచ్చు ఒళ్లు వేలాడుతోంది.

“యే రహే ఆప్‌కే పండాజీ,” అంది. ఇక నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నేల మీద కూలబడింది. “మామూ! పండా కాదు! పాండా! లంబా ‘పా’!”

లంబా అంటే పొడుగు. మా మేస్టారు దీర్ఘం అనేవారు. ఢిల్లీలో పుట్టిన పిల్లకు దాని పేరు తెలియదు గానీ అది ఎక్కడుండాలో మాత్రం తెలుసు. నేను కొబ్బరికాయ చేత్తో పట్టుకుని, ఆ కాటుక కళ్లని చూస్తూ నిలబడ్డాను.

ఆమె స్నేహితురాలు శ్రేయ నీళ్లు తెచ్చి ఇచ్చింది. అస్సాం పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల, గోడ వైపు తిరిగి నవ్వింది.

అప్పుడు అసలు సంగతి తెలిసింది. మధ్యాహ్నం వాళ్ల మేడమ్ ముందు, కాలేజీ అంతా చూస్తుండగా పచ్చిక మీద ఒక ఆట ఆడి చూపించాలి. మే నెల సిక్కిం క్యాంపుకి మేడమ్ పిల్లల్ని ఎంచుకునేది అది చూసే. పాండా వేషం వేయాల్సిన కుర్రాడికి తెల్లవారుజామున జ్వరం వచ్చింది. ఆ వేషం అతని కొలతకి అద్దెకు తెచ్చారు. మిగతా పిల్లలంతా పుల్లల్లా ఉన్నారు, వేసుకుంటే జారిపోతోంది.

లహరి నా పొట్ట వైపు చూసింది. మెస్సులో వంట చేసేవాడి పొట్ట ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

“నన్ను ఒప్పించమని నాన్న పంపారు కదా?” అంది.

“అవును.”

“ఠీక్ హై. ముందు పాండా అవ్వు. తర్వాత ఒప్పించు.”

ఆ తల నెత్తిన పెట్టగానే ఢిల్లీ ఆగిపోయింది. చప్పుళ్లన్నీ దూరమైపోయాయి. లోపల పాత పుట్టినరోజు పార్టీల వాసన, కేకు క్రీముది, ఎవరివో చెమటలది. పాండా నోట్లో ఒక వల ఉంది. దానిలోంచే చూడాలి. వలలోంచి మంచు, మంచులో పలచటి ఎండ, ఎండలో పచ్చిక. పచ్చిక మీద దూరం దూరంగా ఆకుపచ్చ జంపఖానాలు పరిచి, వాటి మీద కుండీల్లో వెదురు పెట్టారు. ఒక్కో జంపఖానా ఒక్కో కొండ. వాటిని కలుపుతూ సన్నటి గుడ్డ పట్టీలు. నియమం ఒక్కటే. పాండా పాదం వట్టి నేలకు తగలకూడదు.

లహరి మైకులో చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో నసిగే పిల్ల ఇదేనా అనిపించింది. పాండా తినేది దాదాపుగా వెదురే. పొట్టేమో ఎలుగుబంటి పొట్ట, వెదురు సరిగ్గా అరగదు. అందుకే మెలకువగా ఉన్నంతసేపూ తింటూనే ఉండాలి. నేను కుండీ దగ్గర కూర్చుని ఆకులు నోటి వల దగ్గర ఆడించాను. జనం నవ్వారు. నవ్వుతుంటే నాకు హుషారొచ్చి, అరిటాకు ముందు కూర్చున్న పెళ్లివారిలా బాసింపట్టు వేశాను. ఇంకా నవ్వారు.

“వెదురుకి ఒక అలవాటు ఉంది,” అంది లహరి. “ఏళ్ల తరబడి పూయదు. పూస్తే కొండ మీద ఆ జాతి వెదురంతా ఒకేసారి పూస్తుంది. పూసి చచ్చిపోతుంది. మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది.”

పిల్లలు వచ్చి నా చుట్టూ ఉన్న వెదురుకి తెల్లకాగితం పువ్వులు గుచ్చారు. “అప్పుడు పాండా ఏం చేసేది? వేరే జాతి వెదురున్న ఇంకో కొండకి నడిచి వెళ్లేది.” నేను లేచి, పట్టీ మీదుగా, నడుం తిప్పుకుంటూ పక్క కొండకి నడిచాను. చప్పట్లు.

తర్వాత ఆట మళ్లీ మొదటి నుంచి ఆడారు. ఈసారి ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో పట్టీ చుట్టుకుని పోయారు. రోడ్డు వచ్చింది. కూరగాయల తోటలు వచ్చాయి. డ్యాము వచ్చింది. గని వచ్చింది. పాండాలు పిల్లల్ని పెట్టుకునే తొర్రలున్న పాత చెట్లు ముందే పోయాయి. లెక్క చూస్తే పాండాలు ఈమధ్య కొంచెం పెరిగాయట గానీ, అడవి మాత్రం ముక్కలు ముక్కలుగా ఉందట. ఒక్కో ముక్కలో కొన్నే మిగిలితే, వాటికి బయటి సంబంధాలు దొరకవు. అందరిదీ ఒకే ఇంటిపేరు అయిపోతుంది. ఈ చివరి మాట లహరిది కాదు, నేను లోపల తెలుగు చేసుకున్నాను. ఢిల్లీలో పెళ్లికాని వంటవాణ్ని కదా, ఆ బాధ నాకు తొందరగా అర్థమైంది. అవతలి చివరి జంపఖానా మీద నల్లశాలువా కప్పుకుని శ్రేయ రెండో పాండాగా కూర్చుని ఉంది. మా మధ్య వట్టి నేల.

నా చుట్టూ మళ్లీ తెల్లపువ్వులు గుచ్చారు. చివర్లో ఇక పడుకోవాలని ముందే చెప్పారు. పడుకున్నాను.

పడుకుంటే వలలోంచి ఆకాశం, దానికి అడ్డంగా వెదురాకులు కనిపించాయి. మాది రంపచోడవరం వైపు. చిన్నప్పుడు ఒక ఏడాది మా కొండల్లో వెదురు పూసింది. గోధుమ రంగు కంకులు, గాలి వస్తే రాలేవి. చూడ్డానికి బాగుందంటే మా నాయనమ్మ నా నోరు మూసింది. వెదురు పూస్తే కరువని వాళ్ల భయం. ఆ కంకుల కింద పడుకుంటే గెడలు ఒకదానికొకటి రాసుకుని, ఎవరో తలుపు సగం తెరిచి ఆగిపోయినట్టు చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు ఇప్పుడు పాండా తలలో వినిపించింది. కాలేజీ లేదు, మైకు లేదు. చలి, మంచు, ఒక కొండ. ఆకలి వేస్తోంది, తినడానికి అన్నీ పువ్వులే. ఎటు చూసినా కొండ అంచు దగ్గర ఆగిపోవాల్సిందే. అవతల కొండ మీద ఎవరో నాలాగే కూర్చుని ఇటే చూస్తున్నారు. నేను ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. పైన నవ్వులు ఆగిపోయాయన్నది మాత్రం తెలిసింది.

“ఆట ఇక్కడితో అయిపోయింది,” అని లహరి గొంతు ఎక్కడినుంచో వినిపించింది. “పాండా ఇక్కడే ఉంటుంది.”

ఉండటమేంటి! నాకేం పట్టిందో తెలియదు, లేచి నిలబడి అరిచాను. “లహరీ! నా సంచీలో పంచె ఉందే! తీసుకొచ్చి పరుచు!”

పాండా తెలుగు మాట్లాడేసరికి పచ్చిక అంతా ఒక్క క్షణం బిగుసుకుపోయింది. వెనక వరసల్లోంచి ఒక కుర్రాడు కేకపెట్టాడు: “ఏయ్, పాండా మనోడేరోయ్!”

లహరి పరిగెత్తి ముందు కండువా తెచ్చి వేసింది. చాల్లేదు. తర్వాత పంచె మడత విప్పి, ఒక కొస నా పాదాల దగ్గర పెట్టి, రెండో కొస పట్టుకుని శ్రేయ వైపు వెనక్కి నడిచింది. పంచె పొడుగ్గా, తెల్లగా, జరీ గీత ఎండకు మెరుస్తూ కొండ నుంచి కొండకు చేరింది. నేను దాని మీద నడిచాను. ఎనిమిదో తరగతి మూడోసారి పరీక్షకు వెళ్లినప్పుడు కూడా అంత జాగ్రత్తగా నడవలేదు. అవతల చేరితే శ్రేయ శాలువాలోంచి తల ఎత్తి, “ఇత్నీ దేర్?” అంది, ఇంత ఆలస్యమా అని.

జనం ఇంకా నవ్వుతూ చప్పట్లు కొడుతుండగానే మేడమ్ మైకు అడిగి తీసుకుంది. నెరిసిన జుట్టు, గట్టి మనిషి. “నిజం కొండల్లో ఇలా గుడ్డ పరిస్తే సరిపోదు కదా?”

“సరిపోదు మేడమ్,” అంది లహరి, పంచె కొస ఇంకా చేతిలోనే ఉంది. “మధ్యలో వెదురు నాటాలి. రోడ్డు కింద నుంచి దారి వదలాలి. ఏళ్లు పడుతుంది.”

“ఆ దారి ఎక్కడ వదలాలో ఎలా తెలుస్తుంది?”

“ఎక్కడ దాటాలని చూస్తున్నాయో అక్కడుండి చూడాలి. కొరికిన వెదురు, కాలిగుర్తులు, ఎక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నాయో. సిక్కింలో ఉన్నవి ఎర్ర పాండాలు, ఇవి కావు. చిన్నవి. కానీ వాటి తిండీ వెదురే, వాటి అడవీ ముక్కలవుతోంది.”

మేడమ్ తల ఊపి, “రాత్రిలోగా మీ ఇంట్లో అడిగి చెప్పు,” అని వెళ్లిపోయింది. ఎంపికైనట్టే. మిగిలింది బావ ఒక్కడు. బావ తరఫున వచ్చినవాణ్ని నేను.

హాస్టల్ మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. కొబ్బరికాయ కొట్టి ముక్కలు పంచుకున్నాం. బొచ్చు ఒళ్లు విప్పాక చలి ఇంకా ఎక్కువైంది.

“ఇప్పుడు ఒప్పించు మామూ,” అంది.

నేను నోరు తెరిచాను. మే ఒకటి, కోచింగ్, సర్వీసు, బావ చెప్పినవన్నీ వరసగా జ్ఞాపకం ఉన్నాయి. నోట్లో పులిహోర తప్ప ఏమీ లేదు. “ఆవపిండి కాస్త ఎక్కువైంది,” అన్నాను.

లహరి నవ్వలేదు. “కోచింగ్ వద్దనడం లేదు. జూన్‌లో చేరతాను. మే ఒక్కటే అడుగుతున్నాను. నాన్న కాదంటే మానేస్తాను. ఆయన్ని ఏడిపించి వెళ్లను.” బురద అంటిన పంచెని ఒళ్లో పెట్టుకుని మడత పెడుతోంది. “ఇది ఎవరిది?”

“మీ నాన్నది.”

“నాన్న ఇచ్చారా? సచ్ మే?”

ఇక్కడ నేనొక అబద్ధం ఆడితే ఆ పిల్ల ఎంత సంతోషపడేదో! “మీ అమ్మ ఇచ్చింది. ఆయనకి తెలియదు,” అన్నాను.

“అంటే దొంగదారి,” అంది. కానీ పంచె వెనక్కి ఇవ్వలేదు. ఉతికి ఇస్తానంది.

నాలుగున్నరకి తిరుగు బండి ఎక్కాను. మంచు విడిపోయి, సూర్యుడు కందిన పండులా అపార్ట్‌మెంట్ల మధ్య దిగుతున్నాడు. పొద్దున చూసిన నీలం రేకుల కంచె వచ్చింది. అది కల కాదు. మనుబోతు, గుర్రమంత ఉండే అడవి జింక. వీళ్లు నీల్‌గాయ్ అంటారు. అక్కడే ఉంది, రేకుల వెంట నాలుగడుగులు వేసి, ఆగి, తల ఆనించి, మళ్లీ వెనక్కి.

ఎదురు సీట్లో కాలేజీ బ్యాగుతో ఉన్న అమ్మాయి నేను చూడటం చూసి, “రోజూ వస్తుంది అంకుల్,” అంది. “ఇంతకుముందు అక్కడ పొలాలు. అవతల కాలువ దగ్గరకి అటునుంచే వెళ్లేది. దానికి గేటు ఎక్కడుందో తెలియదు.”

“గేటు ఉందా?”

“లేదు,” అని నవ్వి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

యమున దాటేసరికి చీకటి పడింది. ఈసారి నీళ్లు కనిపించాయి, వాటి మీద దీపాలు వంకరగా సాగి ఊగుతున్నాయి. బండి నిండా జనం. నిలబడినవాళ్ల మధ్య నాకు కాలు కదపడానికి చోటు లేదు. అయినా నాకు ఇంకా ఆ వల లోపలే ఉన్నట్టుంది. ఈ దారి గురించి నన్నెవరైనా అడిగితే ఒకటే చెబుతాను. టికెట్లు, స్టేషన్లు సులువే, మీరే తెలుసుకుంటారు. పొద్దున బండిలో ఎడమవైపు కూర్చోండి. రేకుల కంచె దగ్గర ఎవరైనా ఆగి ఉన్నారేమో చూడండి. గుర్రం అనుకుని వదిలెయ్యకండి.

ఏడు దాటాక జనక్‌పురి చేరాను. బావ తలుపు తీస్తూనే అడిగాడు.

“ఒప్పుకుందా?”

“ఒప్పుకున్నాను బావా.”

“నువ్వు ఒప్పుకోవడమేంట్రా!”

కూర్చుని మొదటి నుంచి చెప్పాను. కుక్కరు, కొబ్బరికాయ, గయ పెద్దమనిషి. పండాజీకి దణ్ణం పెట్టబోయిన దగ్గర బావ కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. పంచె దగ్గరకి వచ్చేసరికి నవ్వు ఆపాడు.

“ఏ పంచె?”

అక్క లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

“నా పంచె మీద నువ్వు నడిచావా?”

“ఇంకో దారి లేదు బావా.”

శ్రేయ తీసిన వీడియో నా ఫోన్లో ఉంది. చూపించాను. చిన్న తెరలో మంచు, మంచులో నలుపూ తెలుపూ ముద్ద ఒకటి, తెల్లటి గీత మీద మెల్లగా పోతోంది. బావ ఇంకోసారి పెట్టమన్నాడు. “ఇందులో లహరేదీ?”

“అదిగో ఆ చివర. పంచె కొస పట్టుకుని ఉంది.”

ఆయన ఫోన్ నా చేతికిచ్చాడు. కుర్చీలోంచి లేచి, బాల్కనీ దాకా వెళ్లి, తిరిగి వచ్చాడు. తర్వాత తన ఫోన్ తీసి, స్పీకరు పెట్టి కూతురికి చేశాడు.

“లహరీ, ఆ పంచె సర్ఫులో నానబెట్టకు, జరీ పాడవుతుంది. చన్నీళ్లలో జాడించి నీడలో ఆరెయ్యి.”

“అచ్ఛా నాన్నా.”

“సిక్కిం వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టుకో.”

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

“జూన్ ఒకటిన మాత్రం కోచింగ్,” అన్నాడు బావ.

“పక్కా నాన్నా,” అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

అంత మంచి నిశ్శబ్దాన్ని అలా ఉండనివ్వడం నా వల్ల కాదు. ఫోన్ దగ్గరకి వంగి అన్నాను: “చూశావా బావా, ఎనిమిది మూడుసార్లు చదివినవాణ్ని పంపితేనే పని అయింది. డిగ్రీలవాళ్ల వల్ల ఏమైంది?”

లహరి ముక్కు ఎగపీల్చింది. నా జీవితంలో మొదటిసారి ఆ పిల్ల నాకు, మామూ ఒక్కటి తప్ప, పూర్తిగా తెలుగులో జవాబిచ్చింది. ‘పా’కి దీర్ఘం కూడా జనక్‌పురి అంతా వినపడేలా లాగింది.

“మూడేళ్లు కదలకుండా ఒకే చోట కూర్చున్నావు కదా మామూ, అందుకే నీకు పాండా వేషం అంత బాగా కుదిరింది.”